బోర్డు మీద రెండు సున్నాలు

పోయిన నెల ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. నా తర్వాత నీళ్ల పనిలో చేరిన అమ్మాయి. పాలిటెక్నిక్ చదివింది. అంకెలంటే భయం లేని మనిషి కాబట్టి మొదటి రోజు నుంచే నాకు నచ్చింది.

"అన్నా, సంపు పక్కన గోడ మీద పాత కొలత బోర్డు ఉండాది గదా. మొన్న వానకి రంగు పెచ్చులూడింది. ఇప్పుడు దానిమీద రెండు సున్నాలు కనపడతా ఉండాయి. ఒకటి పైన, ఇంకోటి దానికి ఒకటిన్నర అడుగు కింద. ఏది నిజం?"

"పైది."

"మరి కిందిది ఎవరు వేసింది?"

"నేనే."

ఆమె నవ్వింది. "మీరు తప్పుగా కొలిచినారా? నమ్మేదానికి లేదన్నా."

"తప్పుగా కొలవలేదమ్మా. సరిగ్గా కొలిచి తప్పుగా రాశాను."

అది ఫోనులో తేలే కథ కాదు. కిందిది చెరిపెయ్యనా అని కూడా అడిగింది. రాసి పంపుతానన్నాను. రాయడానికి కూర్చున్నాక, ఆమెలాగే కొత్తగా పనుల్లో చేరిన మరికొందరికి కూడా పనికొస్తుందేమో అనిపించి కాస్త వివరంగానే రాస్తున్నాను.

నాకిప్పుడు యాభై ఏడు. మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వకపోవడంతో పోయిన ఏడాది పని మానుకున్నాను. మాది తమిళ సీమలో ఏళాయిరంపన్నై దగ్గర నల్లరేగడి పల్లె, ఇంట్లో మాట తెలుగు. చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. కోవిల్‌పట్టిలో ఒక అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో చేరి, పుల్లలు గుచ్చిన చట్రాలు లెక్కపెట్టే పని చేశాను. కాగితం చేతికిచ్చేవాళ్లు కాదు. అందుకని గుణకారాలూ భాగహారాలూ నోట్లోనే చేసుకోవడం నేర్చుకున్నాను. అక్కడే ఇంకో అలవాటు కూడా అంటుకుంది. సాయంత్రం చట్రాలు తక్కువ వచ్చాయని ఎవరూ అనకుండా, పొద్దున్నే రెండు చట్రాలు గోనె కింద దాచేవాణ్ణి. ఎప్పుడైనా తగ్గితే వాటిని తీసి కలిపేవాణ్ణి. నేనున్నన్నాళ్లూ అక్కడ నా లెక్క ఒక్కసారీ తగ్గలేదు. అందరూ మెచ్చుకున్నారు. గోనె సంగతి ఎవరికీ తెలియదు.

తర్వాత ఊరి చివర ఉన్న చిన్న మిషను ఆసుపత్రిలో నీళ్ల పనికి కుదిరాను. ముప్పై మంచాలు. ఎక్కువగా కాన్పులు. నా భార్య మొదటి కాన్పు కష్టమైనప్పుడు ఆమెను బతికించింది ఆ ఆసుపత్రే. నేను యేసును నమ్ముకున్నదీ అక్కడే. ఆ ఆసుపత్రికి గుంటూరు వైపు నుంచి వచ్చిన మేట్రనమ్మ, అంటే నర్సులందరికీ పెద్ద, ఉండేవారు. మా ఇంటి తెలుగు విని, "నువ్వు మాట్లాడేది మా తాతమ్మ మాట్లాడిన తెలుగయ్యా" అని నవ్వేవారు. మాట్లాడడమే గాని చదవడం రాని నాకు ముప్పై అయిదేళ్ల వయసులో అక్షరాలు దిద్దించింది ఆమే. ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే ఆమె చలవ.

ఇప్పుడు ఆ బోర్డు గురించి చెప్పాలి. సంపు అంటే భూమిలో కట్టిన తొట్టి. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, ఏడు అడుగుల లోతు. ఒక్క అడుగు నీళ్లంటే మూడువేల నాలుగు వందల లీటర్లు. లోపల ఒక తేలే డబ్బా. దానికి కట్టిన తాడు పైకి వచ్చి, ఒక చిన్న కప్పీ మీదుగా గోడ మీద బోర్డు ముందు వేలాడుతుంది. దాని చివర ఇనుప ముల్లు. లోపల నీళ్లు దిగేకొద్దీ బయట ముల్లు పైకెక్కుతుంది. అందుకని బోర్డులో సున్నా అన్నింటికంటే పైన ఉంటుంది. కొత్తవాళ్లు మొదట్లో తలకిందులుగా చదివేవాళ్లు. నేనే అందరికీ నేర్పాను. నేర్పేటప్పుడు ఒక కట్టడి కూడా చేశాను. ముల్లు సున్నాకి వస్తే ఎవరూ మోటరు వెయ్యకూడదు. వేస్తే గాలి పీల్చి మోటరు కాలిపోతుంది. సంపు మూతకు తాళం, తాళంచెవి నా జేబులో.

ఆరేడేళ్ల క్రితం ఎండాకాలంలో ఆసుపత్రి ఎదుటి వీధికి మంచినీళ్ల పైపు పగిలింది. నలభై రెండు ఇళ్లు. ఎక్కువమంది మాలాగే పల్లెల నుంచి అగ్గిపెట్టెల పనికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు. వీధిలో చేతిపంపు ఉంది గాని అది ఉప్పునీరు. స్నానానికీ బట్టలకీ పనికొస్తుంది, నోట్లో పెట్టలేం. పైపు బాగుచెయ్యడానికి మూడు వారాలు పడుతుందన్నారు. లారీ నీళ్లకు ఊరంతా వరసలో ఉంది.

మేట్రనమ్మ నన్ను పిలిచారు. "గేటు బయట ఒక కొళాయి పెట్టు. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఆ వీధికి నీళ్లు వదులు."

నేను అప్పటికే లెక్క వేసుకుని ఉన్నాను. "అమ్మా, బావి రోజుకు ఆరువేల లీటర్లు ఇస్తా ఉండాది. మనకు ఐదువేలు కావాల. మిగిలేది వెయ్యి. వాళ్లు ఇంటికి నాలుగు కొడాలు పట్టినా రెండువేల అయిదునూర్లు దాటతాది. సంపులో ఉండేది పదమూడు రోజులు వస్తాది. పైపు వచ్చేది ఇరవైయొకటో రోజు."

కొడం అంటే మా వైపు బిందె. ఒక్కొక్కటి పదిహేను లీటర్లు.

"లెక్క సరిగ్గా ఉందా?" అన్నారామె.

"సరిగ్గా ఉండాదమ్మా."

"అయితే కొళాయి పెట్టు."

"ఆ ఎనిమిది రోజులు?"

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ పెళ్లింట్లో యేసు బానలు నింపమన్నప్పుడు పనివాళ్లు ఎందుకని అడిగారా? మోసుకొచ్చి నింపారు. వాళ్లకు తెలిసింది నీళ్ల పని, అది చేశారు. మనకూ తెలిసింది అదే కదయ్యా. మిగతాది ఆయన చూసుకుంటాడు. నువ్వు మాత్రం ముల్లు ఎక్కడుందో రోజూ నాకు చెప్పు, చాలు."

యేసు నీళ్లను ద్రాక్షారసం చేసిన ఆ పెళ్లింటి బానల లెక్క నేను ఎప్పుడో వేశాను. ఆరు రాతిబానలు. ఒక్కొక్కటి వంద లీటర్లనుకున్నా ఆరువందలు. మా కొడాలతో నలభై. బావి ఎంత దూరమో ఎవరూ రాయలేదు. ఆ పనివాళ్ల నడుములు తలుచుకుని నాకు జాలేసేది. కాని వాళ్లు బానలు అంచుదాకా నింపారన్న మాట దగ్గర నేనెప్పుడూ ఆగలేదు. ఆగాల్సింది.

ఆ మధ్యాహ్నమే గేటు బయట కొళాయి బిగించాను. చెప్పింది చేశానన్న మాటే గాని నా లెక్కలో ఆ ఎనిమిది రోజులు అలాగే ఉన్నాయి. ముల్లు సున్నాకి వచ్చిన రోజున ఆపరేషన్ పడితే? ఆ భయంతోనే బోర్డు దగ్గరకు వెళ్లాను. మొత్తం తెల్లరంగు కొట్టి, గీతలన్నీ ఒకటిన్నర అడుగు కిందికి జరిపి మళ్లీ రాశాను. అంటే ముల్లు సున్నా అన్నప్పుడు లోపల ఇంకా ఒకటిన్నర అడుగు నీళ్లుంటాయి. ఐదువేల వంద లీటర్లు. ఆసుపత్రికి సరిగ్గా ఒక రోజు. గోనె కింద చట్రాలు దాచినట్టే దాచాను.

మేట్రనమ్మ చూసి, "ఏమయ్యా, నిన్నటికి ఇవాళ్టికి నీళ్లు తగ్గినట్టు చూపిస్తోందే" అన్నారు.

"తాడు సాగిందమ్మా. ఇన్నాళ్లూ ఎక్కువ చూపిస్తా ఉండింది. సరిచేసినాను."

"నీకు తెలియని నీళ్లా" అని వెళ్లిపోయారు.

ఆ మాట అప్పుడు మెచ్చుకోలుగా తీసుకున్నాను. ఆమె నమ్మకానికి నేను ఇచ్చిన బదులు ఒక అబద్ధమని గుర్తించడానికి తొమ్మిది రోజులు పట్టింది.

మొదటి మూడు రోజులు వీధి ఆడవాళ్లు ఇంటికి మూడు బిందెల చొప్పున పట్టుకెళ్లారు. నా అంచనా కంటే తక్కువే. నాలుగో రోజు నుంచి పెరిగింది. ఐదు, ఆరు. బోర్డు గేటు వైపే ఉండేది. వరసలో నిలబడిన వాళ్లందరికీ ముల్లు కనిపించేది. వరసలో ఎప్పుడూ ముందుండే ఒకావిడ ఉండేది. అగ్గిపెట్టెలకు లేబుళ్లు అంటించే పని. కూతురు కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. లెక్కను తమిళంలో కణక్కు అంటారు. ఆ వీధిలో నా పేరు అదే.

"ఏం కణక్కన్నా, ముల్లు మిద్దె ఎక్కతా ఉండాది?"

"మీరు ఆరారు కొడాలు పట్టితే ఎక్కకుండా ఏం చేస్తాది? మొన్న మూడే గదా పట్టినారు?"

"మొన్న ముల్లు కింద ఉండె. ఇంత బిరీన ఎక్కతా ఉంటే రేపు కొళాయి వస్తాదో రాదో. ఇంట్లో ఉండే గిన్నెలన్నీ నింపి పెట్టుకుంటా ఉండాము. బయం అన్నా, బయం. నీకు లేదా?"

"నాకు లేదు" అన్నాను.

అది నిజం. నాకు లేదు. రోజూ పొద్దున ప్రార్థనలో అందరితో కలిసి ప్రభువా నిన్నే నమ్ముకున్నాం అనేవాణ్ణి. ఆయనను కాదు, నేను నమ్ముకున్నది ఆ ఒకటిన్నర అడుగును. దాని సంగతి ఆయనకు కూడా చెప్పలేదు.

తొమ్మిదో రోజు ఊరికి నెలవారీ కరెంటు కోత. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం అయిదు దాకా. ఆసుపత్రి జనరేటరు మీద సంపులోంచి పై ట్యాంకుకు ఎక్కించే చిన్న మోటరు నడుస్తుంది. బావి మోటరు పెద్దది, నడవదు. బావి మోటరు పైపు అడుగున ఉండే ఫుట్‌వాల్వు రబ్బరు అరిగి చాలా రోజులైంది. మోటరు ఎలాగూ ఆగి ఉండే రోజు కదా, విరుదునగర్ వెళ్లి కొత్తది తెచ్చి సాయంత్రంలోపు బిగించెయ్యొచ్చని అనుకున్నాను. ఆ ఏర్పాటుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మొదటి బస్సుకు బయల్దేరేటప్పుడు ముల్లు సున్నాకి ఇంకా అర అడుగు కింద ఉంది. పరవాలేదు, దాని వెనక నా ఒకటిన్నర ఉందిగా అనుకున్నాను. అది ఉందని తెలిసిన ఒకే ఒక్క మనిషి, తాళంచెవి జేబులో వేసుకుని, యాభై కిలోమీటర్ల దూరం వెళ్లిపోతున్నాడని మాత్రం తట్టలేదు.

విరుదునగర్‌లో మిరపకాయల మండీల వెనక సందులో పంపుసెట్ల సామాన్ల షాపు. రబ్బరు చేతిలోకి తీసుకుని మందం చూస్తున్నాను. ఫోను మోగింది. గోడ గడియారంలో పదికి పది నిమిషాలు తక్కువ.

మేట్రనమ్మ గొంతు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. "ఏమయ్యా, కరెంటు ఉండదని తెలిసి వీధివాళ్లు పొద్దున ఇంకాస్త ఎక్కువ పట్టుకున్నట్టున్నారు. ఎనిమిదిన్నరకే ముల్లు సున్నా అయింది. పై ట్యాంకులో చుక్క లేదు. ఆ లేబుళ్లావిడ కూతురికి నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ తప్పదంటున్నారు డాక్టరమ్మ. చేతులు కడుక్కునే నీళ్లు లేకుండా ఎలా చేస్తాం? మన వ్యానులో విరుదునగర్ పంపించాను. ఎనిమిది నిమిషాలైంది బయల్దేరి. నువ్వు అక్కడే ఉన్నావు కదా, పెద్దాసుపత్రి గుమ్మం దగ్గర నిలబడి చీటీ రాయించి పెట్టు."

నేను వెంటనే బదులు చెప్పలేదు. ఎంతసేపు చెప్పలేదో నాకు తెలుసు. గోడ గడియారంలో సెకన్ల ముల్లు మూడు దగ్గర నుంచి ఎనిమిది దగ్గరకు వెళ్లింది. ఇరవై అయిదు సెకన్లు. ఆ సెకన్లలో నా తలలో ఏం జరిగిందో దాచకుండా రాస్తాను. సరే అమ్మా, నిలబడతాను అంటే చాలు. వ్యాను వస్తుంది, పెద్దాసుపత్రిలో డాక్టర్లున్నారు, అన్నీ బాగానే జరగొచ్చు. సాయంత్రం బావి మోటరు వేస్తే ముల్లు దిగుతుంది. ఒకటిన్నర అడుగు సంగతి నాతోనే పోతుంది. ఇరవై రెండేళ్లుగా ఎవరూ వేలెత్తి చూపని మనిషిగా ఉండిపోతాను.

ఇంకోపక్క, గంట దాటితే బిడ్డ దక్కదేమో. వ్యాను నిమిషానికి ఒక కిలోమీటరు. నేను ఆలోచిస్తున్న ఇరవై అయిదు సెకన్లలో అది నాలుగు వందల మీటర్లు దూరం పోయింది. ఆ నాలుగు వందల మీటర్లు నన్ను మాట్లాడించాయి. ప్రభువు నా చేత మాట్లాడించాడని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఆయన నాకు అర్థమయ్యే భాషలోనే అడిగాడని అనుకుంటాను.

"అమ్మా, వ్యానును వెనక్కి పిలవండి. సంపులో నీళ్లుండాయి."

"సున్నా అయ్యా. వాచ్‌మను రెండుసార్లు చూశాడు. నేనూ చూశాను."

"ఆ సున్నా నేను రాసింది. దాని వెనక ఒకటిన్నర అడుగు ఉండాది. ఐదువేల వంద లీటర్లు. దాచి పెట్టినాను. తాడు సాగలేదమ్మా. నేను అబద్దం చెప్పినాను."

ఆమె ఒక్కటే అడిగారు. "మోటరు వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చు. గంట నడిచినా గాలి పీల్చదు."

ఫోను పెట్టేశారు.

షాపాయన నన్ను చూసి స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. రబ్బరు తీసుకుని బస్టాండుకు నడిచాను. పది అయిదుకు బస్సు దొరికింది. మళ్లీ ఫోను చెయ్యాలనిపించింది. చెయ్యలేదు. అక్కడ అందరి చేతులకూ పని ఉంటుంది. నా ఊరట కోసం ఒక చెయ్యి ఖాళీ చేయించడం న్యాయం కాదు.

కిటికీ దగ్గర కూర్చుని ఎదుటి రోడ్డు చూస్తూ వచ్చాను. వ్యానులో తోడు వెళ్లిన నర్సమ్మ ఫోను ఎత్తకపోయి ఉంటే, వ్యాను విరుదునగర్ వైపే వస్తూ ఉంటుంది. లెక్క ప్రకారం సాత్తూరు చేరేలోపు నా బస్సుకు అది ఎదురుపడాలి. ఎదురుపడితే నా మాట ఆలస్యమైనట్టు. తెల్ల వ్యాన్లు లెక్కపెట్టాను. మొదటిది పాలది. రెండోదాని మీద ఏదో బడి పేరు. మూడోది అచ్చం మాదానిలాగే ఉంటే దగ్గరకు వచ్చేదాకా కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. దానికి ముందు అద్దం మీద మా ఆసుపత్రి సిలువ గుర్తు లేదు. నాలుగు, అయిదు, ఆరు. సాత్తూరు వంతెన వచ్చింది. ఇంకో పది నిమిషాలు చూశాను. ఏడోది గడ్డి వేసుకుని పోతోంది.

వ్యాను వెనక్కి తిరిగినట్టే. కాని ఎక్కడ తిరిగింది, ఎప్పుడు చేరింది, ఆ పిల్ల ఎలా ఉంది, వీటికి నా దగ్గర అంకెలు లేవు. నా ప్రార్థనలన్నీ అంకెలతో ఉంటాయి. ఇన్ని లీటర్లు, ఇన్ని రోజులు. ఆ రోజు మాత్రం, "ప్రభువా, ఆ ఇద్దరూ" అని మాత్రమే అనగలిగాను. కోవిల్‌పట్టి దాకా అదే.

గేటు దగ్గర మొదట కనిపించింది కాలువ. చాకలిబండ దగ్గర నుంచి సబ్బునీళ్లు పారుతున్నాయి. నీళ్లను వృథాగా పోనివ్వని మనిషిని నేను. ఆ నీళ్లను చూస్తూ అలాగే నిలబడిపోయాను. ఆపరేషన్ బట్టలు ఉతికిన నీళ్లు అవి.

వాచ్‌మను స్టూలు మీద నుంచి లేవలేదు. "ఆడబిడ్డ. రెండు కిలోల తొమ్మిదినూర్లు. అమ్మా బిడ్డా బాగుండారు. మూడోసారికి నర్సమ్మ ఫోను ఎత్తింది. వ్యాను రోడ్డు మధ్య గట్టులో తిరిగే సందు దొరికేదాకా ఇంకో రెండు మైళ్లు పోయి తిరిగి వచ్చింది." నా వైపు తిరిగి, "నువ్వు సున్నా అంటే మోటరు వెయ్యగూడదని చెప్పినావు గదన్నా. నేను వెయ్యలేదు" అన్నాడు.

"నీది తప్పు కాదప్పా."

"తప్పని ఎవరన్నారు? తాళంచెవి ఇయ్యి ముందు."

నేను వెయ్యలేదు అన్న అతని మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది. అతను నా మాటను పూర్తిగా పాటించాడు. మేట్రనమ్మ పాటించారు, డాక్టరమ్మ పాటించారు. విధేయత ఎలా ఉండాలో ఆ పొద్దున అందరూ చేసి చూపించారు. వాళ్లు విన్న మాటే చెడ్డది.

మేట్రనమ్మ మధ్యాహ్నం పంపుగదికి వచ్చారు. ఒక చేతిలో నల్లరంగు డబ్బా, ఇంకో చేతిలో బ్రష్షు. నేను లేచి నిలబడ్డాను. పని పోతుందని అనుకున్నాను. పోయినా పరవాలేదని కూడా అనుకున్నాను. అంత తేలికగా నేను ఎప్పుడూ నిలబడలేదు.

"నీ లెక్కలతో ప్రభువుకు గొడవ లేదయ్యా" అన్నారు. "అంతమంది ఆకలితో కూర్చున్నప్పుడు ఆయన మొదట అడిగింది ఏమిటి? మీ దగ్గర రొట్టెలు ఎన్ని ఉన్నాయని. లెక్కే అడిగాడు. శిష్యులు ఏం చెప్పారు?"

"అయిదు రొట్టెలు, రెండు చేపలు అన్నారు."

"చాలవని తెలిసే చెప్పారు కదా?"

"తెలిసే చెప్పినారు." నాకు నవ్వొచ్చింది, కళ్లు కూడా తడిశాయి. "నేనుంటే మూడే ఉండాయని చెప్పుందును అమ్మా."

ఆమె కూడా నవ్వారు. "రెండు గోనె కింద పెట్టి."

గోనె సంగతి ఆమెకు నేను ఎప్పుడూ చెప్పలేదు. మాటవరసకు అన్నారంతే. నేను మాత్రం ఆ ఫ్యాక్టరీ రోజుల నుంచి మొత్తం అక్కడే చెప్పేశాను. నిలబడే విన్నారు. విని, రంగు డబ్బా నా చేతికిచ్చి, "సున్నా ఎక్కడ ఉండాలో అక్కడ రాయి. రేపు పొద్దున ఆ వీధివాళ్లకు కూడా నువ్వే చెప్పు" అన్నారు.

మర్నాడు ఆరు గంటలకు కొళాయి తిప్పకుండా గేటు ముందు నిలబడ్డాను. నలభై మంది దాకా ఉన్నారు. ముల్లు నా అబద్ధపు సున్నా కంటే పైన, మళ్లీ రాసిన అసలు సున్నాకు అడుగు కింద ఉంది. చెప్పాను. దాచింది చెప్పాను, ఎందుకు దాచానో చెప్పాను. లేబుళ్లావిడ వరసలో ముందే ఉంది. మనవరాలి దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నీ కణక్కులో నా కూతురు ఎన్ని లీటర్లు అన్నా?" అంది.

 ఆమె నా బదులు కోసం ఆగలేదు.

"నువ్వు చెప్పకుంటే నీళ్లు అయిపోతా ఉండాయని బయపడి మేము దొంగల మాదిరి నింపుకున్నాము. మా ఇంట్లో మంచం కింద కూడా నీళ్లుండాయి, తెలుసా? ఆ నీళ్లు సంపులోనే ఉంటే నా బిడ్డకు వ్యాను ఎక్కే పని ఏముండె?" తర్వాత బోర్డు వైపు చూసింది. "ఇప్పుడు చెప్పు. దాచకుండా చెప్పు. రోజుకు ఎంత తీస్తే ఇది దిగకుండా ఉంటాది?"

"వెయ్యి లీటర్లు. అరవై కొడాలు పట్టితే దిగదు."

ఆమె వరస వైపు తిరిగింది. తర్వాత పావుగంట సేపు జరిగింది నేను ఎప్పుడూ చూడని లెక్క. చంటిపిల్లలున్న ఇల్లు, మంచం పట్టిన ముసలివాళ్లున్న ఇల్లు, అయిదుగురు దాటిన ఇల్లు, ఇవన్నీ వాళ్లకు వేళ్ల మీద తెలుసు. "నీకు ఒకటి చాలదా యక్కా, మీ ఆయన నీళ్లెక్కడ తాగతాడు" అంటే అందరూ నవ్వారు. పద్దెనిమిది ఇళ్లకు రెండేసి, ఇరవై నాలుగు ఇళ్లకు ఒక్కొక్కటి. కూడితే అరవై. తొమ్మిదివందల లీటర్లు. బావి మిగిల్చే వెయ్యిలో ఇంకా వంద మిగులు.

నేను వేసిన మొదటి లెక్కలో కూడికలు తప్పలేదు. నాలుగు బిందెలన్న అంకె తప్పు. అది నేను వాళ్లను అడక్కుండా వేసుకున్న అంకె. నేను దాచిన కొద్దీ ముల్లు భయపెట్టింది, భయపడిన కొద్దీ వాళ్లు ఎక్కువ పట్టారు, ఎక్కువ పట్టిన కొద్దీ నేను దాచింది సరైన పనే అనిపించింది. నీళ్లు తాగింది ఆ వీధి ఒక్కటే కాదు, నా అబద్ధం కూడా తాగింది.

పైపు చెప్పిన రోజుకు రాలేదు. మూడు రోజులు ఆలస్యంగా, ఇరవై నాలుగో రోజున వచ్చింది. ఆ పొద్దున ముల్లు ఒకటిన్నర అడుగు మీద నిలబడి ఉంది. వాన పడలేదు, బావి ఊరలేదు, చెప్పుకోవడానికి అద్భుతం ఏమీ జరగలేదు. ఆ ఎనిమిది రోజులు ఆయన చూసుకుంటాడని మేట్రనమ్మ అంటే, ఎలా అని అడిగిన వాణ్ణి నేను. వరసలో నిలబడిన ఆడవాళ్ల నోటి లెక్కతో చూసుకుంటాడని అప్పుడు ఎవరైనా చెప్పినా నమ్మి ఉండేవాణ్ణి కాదు.

లేబుళ్లావిడ మనవరాలికి పేరు పెట్టిన రోజున గేటు దగ్గరకు వచ్చి నా చేతిలో వేరుశెనగ పప్పుల కడలై మిఠాయి ముక్కలు పెట్టింది. "ఎన్ని ఉండాయో చూసి చెప్పన్నా" అంది. "అయిదు" అన్నాను. "సరిగ్గా చెప్తా ఉండావు ఇప్పుడు" అని వెళ్లిపోయింది.

మా చెల్లికి, అంటే నీళ్ల పనిలో ఉన్న ఆ అమ్మాయికి, ఒక మాట. నీ దగ్గర ఇప్పుడు సెన్సరు ఉంది, అంకె ఫోనులోనే కనిపిస్తుంది. అయినా అంకెను చూసేది నువ్వే, నలుగురికి చెప్పేది నువ్వే. కొంచెం వెనక్కి పెట్టుకుని చెబుదామని ఏదో ఒక రోజు అనిపిస్తుంది. జాగ్రత్త లాగే అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించింది. కింది సున్నాను చెరిపెయ్యనా అని అడిగావు కదా. వద్దు. దాని పక్కన పెద్ద అక్షరాలతో "ఇంకా ఒకటిన్నర అడుగు ఉంది" అని రాయి. తమిళంలోనూ రాయి. ఆ నీళ్ల సంగతి గేటు బయట నిలబడిన వాళ్లకు కూడా తెలియాలి.

మేట్రనమ్మ ఉద్యోగం విరమించి వాళ్ల ఊరు వెళ్లిపోయారు. ప్రతి క్రిస్మస్‌కు ఫోను చేస్తారు. నా మోకాళ్లనూ, ఇంట్లోవాళ్లనూ అడిగాక, నేను పని మానుకున్నాక కూడా ఆఖర్న ఎప్పుడూ ఒకే ప్రశ్న. "ఏమయ్యా, ముల్లు ఎక్కడుంది?"

ఎక్కడుంటే అక్కడే చెప్తాను.